‘మా’ అని రాసుకోని అమ్మమ్మ

మా అమ్మ వీధిలో అందరికీ నేను లండన్‌లో చదువుతున్నానని చెప్పుకుంది. అబద్ధమేమీ కాదు. కెనడాలోని ఒంటారియోలో కూడా ఒక లండన్ ఉంది. దానికీ ఒక థేమ్స్ నది ఉంది, దాని మీది వంతెన దాటే మా బస్సు కాలేజీకి వెళ్ళేది. మా పిన్ని ఫోన్ చేసి "రాణిగారి కోట చూశావటే?" అనడిగితే "ఇంకా కుదర్లేదు పిన్నీ" అని తప్పించుకున్నాను. అది వేరే లండన్ అని విడమరిచి చెప్పే ఓపిక మా అమ్మకీ లేదు, నాకూ లేదు.

నేను వెళ్ళింది సప్లై చైన్ చదవడానికి. గోడౌన్‌లోకి ఏ సరుకు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది, అదీ ఆ చదువు. దాంతోపాటు ఇంగ్లీషు ఒక సబ్జెక్టు తప్పనిసరి అన్నారు. సరే, ఉత్తరాలూ ఈమెయిళ్ళూ రాయడం నేర్పిస్తారు కాబోలనుకున్నా. తీరా చూస్తే కథలు. కథ చదవాలి, దాన్ని ఎనలైజ్ చేసి రాయాలి. నాకు ఒళ్ళు మండింది. ఇంత చలి దేశానికి వచ్చింది కథలు చదువుకోడానికా అని మొదటి వారమంతా సణుగుతూనే ఉన్నాను.

ఆ ఏళ్ళలో మనవాళ్ళు ఎంతమంది వచ్చిపడ్డారంటే, కాలేజీలో గదులు చాలక మా ఇంగ్లీషు క్లాసు శనివారం పొద్దున్నే పెట్టారు. క్లాసు నిండా పంజాబీలు, గుజరాతీలు, మలయాళీలు. తెలుగువాళ్ళం మాత్రం ఇద్దరమే. నేనూ, అక్కా.

అక్క అంటే సొంత అక్క కాదు. ఒక బేస్‌మెంట్‌లో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు పెద్దది, హైదరాబాద్ పిల్ల, నాకంటే ఒక సెమిస్టర్ ముందు వచ్చింది. మాది బాపట్ల వైపు. వాట్సాప్ గ్రూపులో పరిచయం, అంతే. కానీ నేను టొరాంటోలో విమానం దిగి బస్సులో లండన్ చేరేసరికి, బస్‌స్టాండ్‌లో నాకోసం నిలబడి ఉన్నది తనే. నా ఒంటి మీద బాపట్లలో కొన్న స్వెట్టర్ చూసి "ఓసినీ, దీంతో వచ్చావా" అని తన జాకెట్ విప్పి నాకు తొడిగింది. తను వణుకుతూ నా పెద్ద సూట్‌కేస్ లాక్కుంటూ నడిచింది. నాకు అక్కాచెల్లెళ్ళు లేరు. ఆ రోజే అక్కా అని పిలిచాను, తనూ చెల్లీ అంది.

హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని నాకు ఇప్పించింది కూడా తనే. బస్సు పాసు ఎలా తీసుకోవాలో, మంచు మీద పాదం ఎలా వెయ్యాలో, పెరుగుకి ఏ డబ్బా పాలు కొంటే తోడుకుంటుందో, అన్నీ తన దగ్గరే నేర్చుకున్నాను. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, తరవాత చెప్పబోయేది వినగానే మీరు తనని రాక్షసి అనేసుకుంటారు. అలా అనుకోగలిగితే నాకూ బాగుండేది.

ఇంగ్లీషు సబ్జెక్టు తను అప్పటికే ఒకసారి ఫెయిలయ్యింది. రెండోసారి నాతోపాటు కూర్చుంది. ఈసారి కూడా పోతే కోర్సులోంచి తీసేస్తామని కాలేజీ ఉత్తరం పంపింది. కోర్సు పోతే స్టడీ పర్మిట్ పోతుంది, అది పోతే పెట్టె సర్దుకోవడమే. ఆ ఉత్తరం తను దిండు కింద పెట్టుకునేది.

మా మేడమ్ పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, చేత్తో అల్లిన స్వెట్టర్లు వేసుకుని వచ్చేది. పేరు పెట్టి పిలవండి అని ఎన్నిసార్లు చెప్పినా మా ఇద్దరికీ నోరు రాలేదు, మేడమ్ అనే అనేవాళ్ళం. మొదటి అసైన్‌మెంట్‌లో నేను కథ మొత్తం మళ్ళీ నా మాటల్లో రాసి, చివర కింద గీత గీసి "నీతి: కొత్తవాళ్ళను తొందరపడి నమ్మరాదు" అని ఇంగ్లీషులో పెట్టాను. మా బడిలో కథ అంటే చివర నీతి ఉండాల్సిందే, లేకపోతే రెండు మార్కులు కోత. మేడమ్ ఆ నీతి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి పక్కన రాసింది: "ఇది కథలో ఎక్కడుంది?"

ఎక్కడుంది అంటే ఏం చెప్తాం. కథలో లేదు, మా బళ్ళో ఉంది.

ఆవిడ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నే. ఎవరేం చెప్పినా "ఎక్కడుంది, చూపించు" అనేది. పేజీ మీద వేలు పెట్టి చూపిస్తే తల ఊపేది, చూపించలేకపోతే ఊరుకునేది. ఒకసారి మాత్రం ఇంకొంచెం చెప్పింది. కథలో మనిషి రోజూ అనే మాట ఒకరోజు అనకపోతే అక్కడ పెన్సిల్ ఆపండి అంది. అది నాకు పట్టుకుంది.

ఇంటర్ దాకా నాకు ఇంగ్లీషంటే గైడు. గైడులో సమ్మరీ ఉంటుంది, దాన్ని బట్టీ పట్టాలి, పరీక్షలో కక్కాలి. నాకంటూ ఒక్క ముక్క తోచడం ఎరగను. ఇక్కడ బస్సులో కథ చదువుతూ పెన్సిల్‌తో గీతలు గీసుకోవడం మొదలుపెట్టాను. లాండ్రీలో వేడి దుప్పట్లు మడతపెడుతూ, ఆ ముసలాయన కిటికీ ఎందుకు మూశాడు, ఆ పిల్ల అబద్ధం ఎందుకు చెప్పింది అని ఆలోచించేదాన్ని. సిగ్గు విడిచి చెప్తున్నా, సంతోషంగా ఉండేది. నా బుర్రలో నాదంటూ ఒకటి పుడుతోందని మొదటిసారి అనిపించింది.

మా అమ్మమ్మ గురించి చెప్పాలి. మా ఇంట్లో ఎవరైనా గడప దాటుతూ "వెళ్తున్నా" అంటే ఆవిడ ఊరుకునేది కాదు. "వెళ్తున్నా ఏమిటే వెళ్తున్నా, వెళ్ళొస్తా అను" అని వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, గుక్కెడు మంచినీళ్ళు తాగించి, ఆ మాట అనిపించి పంపేది. బడికి ఆలస్యమైనా సరే, పరీక్ష ఉన్నా సరే. నేను కెనడా రావడానికి ఏడాది ముందు ఆవిడ పోయింది. గుండె నొప్పని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, ఆటోలో ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి, నన్ను చూసి "వెళ్ళొస్తానే" అంది. రాలేదు.

ఆ అలవాటు నేను బేస్‌మెంట్‌లోకి మోసుకొచ్చాను. అక్క షిఫ్టుకి వెళ్తూ "నే పోతున్నానే" అనేది. నేను గయ్యిమనేదాన్ని. "అలా అనకక్కా, వెళ్ళొస్తా అను." తను నవ్వేది. "వచ్చిందండీ ముసలమ్మ" అని నా నెత్తి మీద ఒకటి మొట్టి, "సరే తల్లీ, వెళ్ళొస్తా. మీ అమ్మమ్మతో చెప్పు" అనేది. కొన్నాళ్ళకి తనకీ అలవాటైంది. నేనే తొందరలో మర్చిపోతే తనే ఆపేది, "మీ అమ్మమ్మ వింటే ఊరుకోదు" అని.

ఆదివారాలు ఒకరికొకరం తలకి నూనె పెట్టుకునేవాళ్ళం. అప్పుడు అడిగేది. "మీ అమ్మమ్మ సంగతులు చెప్పవే. మా అమ్మమ్మని నేను చూడనే లేదు, మా అమ్మ పెళ్ళికి ముందే పోయింది." నేను చెప్పేదాన్ని. ఆటో సంగతి కూడా చెప్పాను. అది చెప్పిన రోజు నా తల మీద తన చేతులు ఆగిపోయాయి.

సెమిస్టర్‌లో అన్నిటికంటే పెద్ద అసైన్‌మెంట్ వచ్చింది. నాలుగు పేజీల కథ. చేపల ఫ్యాక్టరీ ఉన్న చిన్న ఊళ్ళో ఒక తల్లీ, పదేళ్ళ కూతురూ. తల్లి ఒకరోజు పొద్దున్నే లేచి పిల్ల బూట్లు తుడుస్తుంది, పొయ్యి పక్కన కట్టెలు పేరుస్తుంది, తలుపు దగ్గర నిలబడి "ఐయామ్ గోయింగ్ నౌ" అని బయటికి నడుస్తుంది. సాయంత్రం ఆ పిల్ల బల్ల మీద రెండు కంచాలు పెడుతుంది. కథ అయిపోతుంది. ప్రశ్న ఒక్కటే: తల్లి తిరిగొస్తుందా? ఏం చెప్పినా కథలోంచే చూపించాలి.

అది నేను బస్సులో చదివాను. ఆ తలుపు దగ్గర మాట చదవగానే నా నోట్లోంచి పైకే వచ్చేసింది, "అయ్యో, అలా అనకూడదు" అని. పక్క సీటులో ఆయన తిరిగి చూశాడు. ఆ తల్లి రాదు. చెప్పే పోతోంది.

వెంటనే మేడమ్ గొంతు చెవిలో వినపడింది, ఎక్కడుంది చూపించమని. మొదటికి తిరిగాను. మొదటి పేజీలో తల్లి దుకాణానికి వెళ్తూ "బ్యాక్ ఇన్ ఎ మినిట్" అంటుంది. రెండో పేజీలో షిఫ్టుకి వెళ్తూ "బ్యాక్ బై ఫోర్" అంటుంది. రెండుసార్లూ వస్తానని చెప్పింది. మూడోసారి ఆ మాట లేదు. మా అమ్మమ్మ వినమన్నది అదే, మేడమ్ పెన్సిల్ ఆపమన్నదీ అదే.

ఇంటికి పరిగెత్తాను. అక్క పొయ్యి దగ్గర బంగాళదుంపలు వేయిస్తోంది. జాకెట్ కూడా విప్పకుండా గడగడా చెప్పాను. తను గరిటె పట్టుకుని విని, "ఓసి పిచ్చిదానా, నీకు బుర్రుందే" అంది. ఆ మెచ్చుకోలు నాకు మేడమ్ మార్కులకంటే ఎక్కువ.

నేను ఏదైనా ముందు తెలుగులో రాసుకునేదాన్ని, తరవాత ఇంగ్లీషు చేసుకునేదాన్ని. అట్ట ఊడిన నోట్‌బుక్ ఒకటి ఉండేది. దాంట్లో ఆ రోజు ఇలా రాసుకున్నాను: "అమ్మమ్మ. వెళ్తున్నా అనకూడదు, వెళ్ళొస్తా అనాలి. ఆటో ఎక్కుతూ కూడా అంది. రాలేదు. అన్నవాళ్ళంతా వస్తారని కాదు. అననివాళ్ళు రాదల్చుకోలేదని."

ఆ చివరి వాక్యం రాశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అమ్మమ్మ పోయాక నేను ఏడవలేదు, ఆ వాక్యం రాశాక ఏడ్చాను.

ఇంగ్లీషులో రాసిన వ్యాసంలో అమ్మమ్మకు ఒక పేరా పెట్టాను, ఆటోతో సహా. కాయితం అక్కకి ఇచ్చి చదవమన్నాను. తను శ్రద్ధగా చదివింది. అమ్మమ్మ పేరా దగ్గర పెన్ను ఆపి, "ఇది తీసెయ్యవే" అంది. "కథలోంచే చూపించమంది కదా ఆవిడ. మధ్యలో మన అమ్మమ్మలూ ఆటోలూ ఎందుకు? పోయినసారి నేను ఇలాగే సొంత గొడవ రాసి మార్కులు పోగొట్టుకున్నాను." నిజమే కదా అనిపించింది. తీసేశాను. మొదటి పేజీ, రెండో పేజీ, తలుపు దగ్గర మాట, అంతే ఉంచాను. తీసేసిన కాయితం ఏమైందో కూడా పట్టించుకోలేదు.

ఆ సలహా తను మనసులో ఏదో పెట్టుకుని ఇచ్చిందా? చాలాసార్లు ఆలోచించాను. లేదనే అనుకుంటున్నా. నిజంగా నా మంచికే చెప్పింది. తరవాత, ఇచ్చేయాల్సిన రోజు పొద్దున, తన పేజీ ఖాళీగా ఉంటే, దిండు కింద ఉత్తరం గుర్తొస్తే, కళ్ళ ముందు నా కాయితం కనపడి ఉంటుంది. నేను ఇలా తన తరఫున వాదించడం నాకే నచ్చదు, కానీ అలవాటైపోయింది.

పది రోజులకి మేడమ్ ఇద్దరినీ తన గదికి రమ్మని మెయిల్ చేసింది. మెచ్చుకోడానికేమో అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నంటే, ఆ రోజు కొత్త చున్నీ వేసుకుని వెళ్ళాను.

ఆవిడ బల్ల మీద మా ఇద్దరి వ్యాసాలూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఈ కథ చెప్తున్నాను, ఆ మూడు వీడ్కోలు మాటల సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు, ఇప్పుడు ఒకే క్లాసులో, ఒకే ఇంట్లోంచి ఇద్దరు రాశారు, ఎలా వచ్చిందో చెప్పండి అంది. కోపం లేదు గొంతులో. నేను నోరు తెరిచేలోపు, వీటిలో తేడా ఇదొక్కటే అంటూ అక్క వ్యాసంలోంచి ఒక పేరా చదివింది.

ఆటో. ఒక కాలు లోపల పెట్టి వెనక్కి తిరిగిన అమ్మమ్మ. వెళ్ళొస్తానన్న మాట. అన్నవాళ్ళంతా వస్తారని కాదు, అననివాళ్ళు రాదల్చుకోలేదని.

ఐడియా కొట్టేసిందంటే అదో రకం. బడిలో కాపీలు చూడలేదా, కొట్టలేదా. ఇది వేరు. నేను ఏడ్చిన చోటుని ఎత్తుకుపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మమ్మ అనేది. ఆవిడ సామెత ఆవిడకే తగులుతుందని ఎవరనుకుంటారు.

అక్క నావైపు చూడకుండా, మెల్లిగా, చక్కటి ఇంగ్లీషులో చెప్పింది. "మా అమ్మమ్మ గురించి నేను ఇంట్లో చెప్పాను మేడమ్. చెల్లి విని రాసుకుంది. తన తప్పు కాదు. కొత్తగా వచ్చింది, ఇక్కడి పద్ధతులు తెలీవు. తనని ఏమీ అనకండి."

నన్ను వెనకేసుకొచ్చింది. దొంగని నన్ను చేసి, క్షమించమని నా తరఫున తనే బతిమాలింది. ఆ తియ్యదనానికే నాకు ఎక్కువ మంట.

నేను "నో, నాట్ హర్ గ్రాండ్‌మదర్, మై గ్రాండ్‌మదర్" అన్నాను. నా చెవులకే చిన్నపిల్లలు బొమ్మ కోసం కొట్టుకున్నట్టు వినపడింది. మేడమ్ నావైపు జాలిగా చూసింది. అప్పుడు నోట్‌బుక్ గుర్తొచ్చింది. సంచీలోంచి తీసి ఆ పేజీ విప్పి ఆవిడ ముందు పెట్టాను. చూపించమంటుంది కదా, ఇదిగో, చూపించాను.

ఆవిడకి తెలుగు రాదు. ఆ గుండ్రటి అక్షరాల్ని కాసేపు చూసి, నోట్‌బుక్ అక్కవైపు తిప్పి, ఇందులో ఏముందని అడిగింది. అక్క చదివింది. మాటకి మాట సరిగ్గా ఇంగ్లీషు చేసి చెప్పింది. ఒక్క తప్పు లేదు. చివర్లో అంది: "చూడండి మేడమ్, ఇక్కడ అమ్మమ్మ అని మాత్రమే ఉంది. మా అమ్మమ్మ అని లేదు. నేను చెప్తుంటే రాసుకుంది."

మేడమ్ నన్ను అడిగింది, నిజమేనా, ‘మై’ అనే మాట ఇక్కడ లేదా అని.

లేదు. ఎక్కడుంది చూపించమంటే నేను చూపించలేను. సొంత నోట్‌బుక్‌లో, సొంత అమ్మమ్మ గురించి రాసుకునేటప్పుడు ‘మా’ అని ఎవరు పెట్టుకుంటారు? బయటివాళ్ళకి చెప్పేటప్పుడు కదా మా అమ్మమ్మ అంటాం. నాకు నేను చెప్పుకునేటప్పుడు ఆవిడ ఒట్టి అమ్మమ్మే. లోకంలో ఇంకో అమ్మమ్మ ఉందన్న ధ్యాస కూడా ఉండదు. ఈ ముక్క ఇప్పుడు ఇంత నింపాదిగా చెప్తున్నాను గానీ, ఆ గదిలో ఇంగ్లీషులో చెప్పబోయి నీళ్ళు నమిలాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి తెలుగొచ్చు. ఈవిడకి అదీ రాదు.

ఒక్క మాట మిగిలింది నా దగ్గర. తను అమ్మమ్మను చూడనే లేదు మేడమ్, తను పుట్టకముందే పోయింది. ఇది చెప్పడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు అక్క నావైపు చూసింది, ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి. నాకు గుర్తొచ్చిందని తనకి తెలిసిపోయింది. తేలు కుట్టిన దొంగ మొహం అంటారే, అది కాదు. బస్‌స్టాండ్‌లో జాకెట్ లేకుండా వణికిన రోజు ఎలా ఉందో, అలా ఉంది.

నేను చెప్పలేదు.

దయ అని చెప్పుకుంటే నాకు గొప్పగా ఉంటుంది. దయ కాదు. ఆ మాట అంటే తను ఇంటికి పోతుందని తెలుసు, ఆ పాపం నా నెత్తిన వేసుకోడానికి భయమేసింది. మళ్ళీ ఇంకోటి కూడా ఉంది. తనే నోరు విప్పి నిజం చెప్తుందని ఆ నిమిషం దాకా నమ్మాను. ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. తను తల దించుకుని తన గోళ్ళు చూసుకుంది.

నా వ్యాసానికి సున్నా వేశారు. నా ఫైలులో ఒక హెచ్చరిక ఉత్తరం పెట్టారు. అక్క మార్కులు అక్కకే ఉంచారు. వచ్చేస్తుంటే మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు బాగా చదవగలవు. ఇంకొకళ్ళ జ్ఞాపకం తెచ్చుకోవాల్సిన అవసరం నీకు లేదు" అంది. మంచిమనిషి, మంచికే అంది. ఆ మాట నేను ఇప్పటికీ మింగలేకపోయాను.

ఇద్దరికీ బస్సు ఒకటే, ఇల్లు ఒకటే. వంతెన దాటాక అక్కే మొదలుపెట్టింది. "నాకు ఇంకో దారి లేదే. నువ్వు మిగతా వాటిల్లో పాసైపోతావు. నాకు ఇదే ఆఖరు." నేను కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను. "ఒక కథే కదే చెల్లీ" అంది. అప్పుడు తిరిగాను. "నీకు కావాలంటే నా వ్యాసం మొత్తం ఇచ్చేదాన్ని కదక్కా. అడిగితే నేనే రాసిపెట్టేదాన్ని. మా అమ్మమ్మని ఎందుకు తీసుకున్నావు?" తను ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది, తన మీదా, నా మీదా.

రెండు రోజుల తరవాత తన వ్యాసం గదిలో బల్ల మీద కనపడింది. చివర మేడమ్ పెన్సిల్‌తో రాసిన మాట ఉంది, మమ్మల్ని పిలవకముందే రాసినట్టుంది: "మీ అమ్మమ్మ గొప్ప పాఠకురాలు." నేను మా అమ్మమ్మ చదువు మూడో తరగతితో ఆగిపోయిందని తలుచుకున్నాను. ఆవిడ బతుకులో ఆవిడకి దొరికిన పెద్ద మెచ్చుకోలు అది, అదీ ఇంకొకరి ఇంటికి వెళ్ళింది. కాయితం ఎక్కడ ఉందో అక్కడే పెట్టేశాను.

చలికాలం మధ్యలో వేరే గది దొరకదు. ఇంకో మూడు నెలలు ఆ బేస్‌మెంట్‌లోనే ఉన్నాం. ఎవరి గిన్నె వాళ్ళది, ఎవరి పెరుగు వాళ్ళది. ఆదివారాలు తలకి నూనె నేనే పెట్టుకునేదాన్ని. అన్నిటికంటే కష్టం గడప దగ్గర. తను షిఫ్టుకి వెళ్తూ ఏమీ అనేది కాదు, నేనూ ఏమీ అనేదాన్ని కాదు. తలుపు చప్పుడు మాత్రం వినపడేది. ఇద్దరం ఇంగ్లీషు పాసయ్యాం, తను నాకంటే ఎక్కువ మార్కులతో.

ఏప్రిల్‌లో ఊరికి అటువైపు నాకొక గది దొరికింది. గుడిలో పరిచయమైన ఒక అంకుల్ తన వ్యాన్ తెస్తానన్నారు. నేను అక్క జాకెట్ ఉతికి, మడతపెట్టకుండా, కొక్కేనికి తగిలించాను. ఆ రోజు తలుపు దగ్గర ఏమనాలో నాకు వారం రోజుల ముందే తెలుసు. మనసులో చాలాసార్లు అనుకుని చూసుకున్నాను. నా బతుకులో ఎవరితోనూ అనని మాట అది.

అక్క పొయ్యి దగ్గర ఉంది, నాకు వీపు పెట్టి. పప్పులోకి పోపు వేస్తోంది, ఆవాలు చిటపటలాడుతున్నాయి. బయట అంకుల్ హారన్ కొట్టారు. నేను సూట్‌కేస్ గడప దాటించి, వెనక్కి తిరిగి, గొంతు సవరించుకుని అన్నాను.

"వెళ్తున్నా."

తను వెనక్కి కూడా తిరగలేదు. గరిటె తిప్పుతూ, అలవాటులో, పాత గొంతుతో అనేసింది.

"వెళ్తున్నా అనకే, వెళ్ళొస్తా అను. మీ అమ్మమ్మ వింటే ఊరుకోదు."

గరిటె ఆగింది. ఆవాలు మాడుతున్న వాసన వచ్చింది. అయినా తను కదల్లేదు.

మీ అమ్మమ్మ. ఆ ఒక్క ‘మీ’ కోసం నేను ఆ రోజు మేడమ్ గదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఇప్పుడు వచ్చింది, అడక్కుండా, వినడానికి మేడమ్ లేని చోట, పోపు పొగలో.

"వెళ్తున్నా" అన్నాను మళ్ళీ. ఈసారి తను దిద్దలేదు.